తలాపున పిస్తోలు
(నైలు నది పుట్టుక కనుక్కున్న స్పీక్ జీవితం)

నైలు నది ఎక్కడ పుడుతుందన్న ప్రశ్న రెండువేల ఏళ్ళపాటు ఎవరికీ కొరుకుడు పడలేదు. గ్రీకులు అడిగారు. రోమను చక్రవర్తి నీరో సైనికులను పంపి వెతికించాడు. అరబ్బు వర్తకుల కబుర్లు విని పటాలు గీసినవారు గీశారు. చివరికి ఆ ముడి విప్పినవాడు మన దేశంలో సిపాయి పటాలంలో పదేళ్ళు ఉద్యోగం చేసి, సెలవు పెట్టి ఆఫ్రికా వెళ్ళిన ఒక ఆంగ్లేయ లెఫ్టినెంటు. పేరు జాన్ హానింగ్ స్పీక్. స్కూలు పుస్తకాల్లో అతని పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. పరీక్ష అయిపోగానే మనమూ మరచిపోతాం.

ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రసిద్ధుని జీవితం రాయమన్నప్పుడు నాకు స్పీక్ గుర్తుకు రావడానికి కారణం నైలు నది కాదు, గుడారం. మన సభ్యుల్లో చాలామంది సర్వీసులో సగభాగం కాంపుల్లో గడిపినవారే. గొలుసులు, జెండాలు, ప్లేన్ టేబుల్ మోసుకొని ఊరవతల డేరా వేసుకొని, రాత్రి ఏ చప్పుడైనా తల ఎత్తి చూసి మళ్ళీ పడుకున్నవాళ్ళం. మనకు తలాపున టార్చిలైటు, చేతికర్ర ఉంటే గొప్ప. స్పీక్ తలాపున నింపిన పిస్తోలు ఉండేది. దాని మంచీ చెడూ రెండూ అనుభవించినవాడు అతనికంటె మరొకడు కనిపించడు.

స్పీక్ 1827 మే 4న ఇంగ్లండు పడమటి ప్రాంతం డెవన్‌లో పుట్టాడు. కలిగిన కుటుంబం. చదువు మీద ధ్యాస తక్కువ, తుపాకి మీద ఎక్కువ. 1844లో పదిహేడేళ్ళ వయసులో ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి 46వ బెంగాల్ నేటివ్ ఇన్‌ఫాంట్రీకి వచ్చాడు. రెండో సిక్కు యుద్ధంలో పంజాబులో పోరాడాడు. చిలియన్‌వాలా, గుజ్రాత్ యుద్ధాలు చూశాడు. యుద్ధం లేని రోజుల్లో తోటి అధికారులు సెలవు తీసుకొని సిమ్లాలో విందులకు వెళితే, ఇతను హిమాలయాలు దాటి టిబెట్టు వైపు వెళ్ళేవాడు. వేట, వేటాడిన జంతువుల తోళ్ళు భద్రపరచడం, నడిచిన దారికి పటం వేసుకోవడం - ఇవే పనులు. తాగుడు లేదు, జూదం లేదు. మిగిల్చిన జీతం అంతా ఆఫ్రికా ప్రయాణానికని దాచుకున్నాడు. పదేళ్ళ సర్వీసు పూర్తికాగానే 1854లో దీర్ఘకాలపు సెలవు పెట్టి ఏడెన్‌లో దిగాడు.

ఏడెన్‌లో అప్పటి పెద్ద అధికారి ఔట్రాం. తరువాత 1857 తిరుగుబాటులో లక్నోలో పేరు వినిపించిన ఔట్రాం ఇతనే. స్పీక్‌ను ఒంటరిగా ఆఫ్రికాకు పంపడానికి ఒప్పుకోలేదు. అప్పటికే బొంబాయి సైన్యానికి చెందిన రిచర్డ్ బర్టన్ సోమాలీ దేశానికి ఒక బృందాన్ని సిద్ధం చేసుకుంటున్నాడు. అందులో చేరవలసిన డాక్టరు హఠాత్తుగా చనిపోవడంతో ఆ ఖాళీలో స్పీక్‌ను వేశారు. బర్టన్ అనేక భాషలు వచ్చిన పండితుడు, వేషం మార్చి మక్కాకు వెళ్ళి వచ్చిన సాహసి, మాట పదును గలవాడు. స్పీక్ మాట తక్కువ, పట్టుదల ఎక్కువ, మనసులో పెట్టుకునే స్వభావం. ఈ ఇద్దరినీ ఒక్క కాంపులో పెట్టడమే మొదటి ప్రమాదమని నాకనిపిస్తుంది.

1855 ఏప్రిల్ నాటికి బృందం సోమాలీ తీరంలో బెర్బెరా రేవు దగ్గర విడిది చేసింది. నలుగురు అధికారులు: బర్టన్, స్పీక్, హెర్న్, ఇండియన్ నేవీకి చెందిన స్ట్రోయన్. పనివాళ్ళు, కాపలావాళ్ళు కలుపుకొని నలభైమందికి పైన. బెర్బెరాలో చలికాలమంతా పెద్ద సంత జరుగుతుంది. ఏప్రిల్‌లో బేహారులు ఒంటెల బిడారులతో వెళ్ళిపోతే ఊరు పాడుపడినట్టు ఉంటుంది. ఆ సంవత్సరమూ అంతే. సంత వెళ్ళిపోయింది. వీళ్ళు మాత్రం ఏడెన్ నుంచి రావలసిన సామాను కోసం ఆగారు. ఒడ్డున ఉండవలసిన సర్కారు పడవ కూడా వేరే పనిమీద వెళ్ళిపోయింది.

ఊరికి ఎడంగా, ఒడ్డు దగ్గర రాతిమిట్ట మీద వరసగా మూడు డేరాలు. నడుమ రౌటీలో బర్టన్, హెర్న్. కుడిపక్క డేరాలో స్ట్రోయన్, ఎడమపక్క డేరాలో స్పీక్. రాత్రికి పహరా ఇద్దరు మనుషులు. నలభైమంది ఉన్న కాంపుకు ఇద్దరే పహరా! ఏప్రిల్ 18 సాయంత్రం గుర్రాల మీద ముగ్గురు కొత్తవాళ్ళు కాంపు దగ్గర తచ్చాడి వెళ్ళారు. వేగులేమోనని కొందరు అనుమానించారు. బర్టన్ ఆరా తీసి, భయం లేదని తేల్చుకున్నాడు. అదేరోజు ఏడెన్ నుంచి ఒక చిన్న పడవ అనుకోకుండా వచ్చింది. పడవవాళ్ళకు బర్టన్ భోజనం పెట్టించడంతో అది ఆ రాత్రికి అక్కడే నిలిచింది. ఆ భోజనమే తరువాత వాళ్ళ ప్రాణం కాపాడింది.

ఇక్కడ ఆనాటి పిస్తోళ్ళ గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే ఆ రాత్రి జరిగింది అర్థం కాదు. అప్పటికి ఇప్పటిలాంటి ఇత్తడి తూటాలు వాడుకలోకి రాలేదు. స్పీక్ దగ్గర ఉన్నది డీన్ అండ్ ఆడమ్స్ కంపెనీ రివాల్వర్. దానికి తిరిగే చక్రంలో అయిదు గదులు. ఒక్కొక్క గదిలో మందు పోసి, గుండు దిగ్గొట్టి, వెనక వైపు చిన్న ముక్కు మీద రాగి టోపీ తొడగాలి. గొళ్ళెం ఆ టోపీ మీద పడితే నిప్పు పుట్టి మందు అంటుకుంటుంది. అయిదు దెబ్బలూ అయిపోతే మళ్ళీ నింపడానికి మందు సీసా, గుండ్లు, టోపీలు, వెలుతురు, తీరిక అన్నీ కావాలి. చీకట్లో మీదపడిన వాళ్ళ మధ్య అది కాని పని. సముద్రపు గాలికి మందు చెమ్మగిల్లుతుంది. అందుకని జాగ్రత్తపరులు పాత మందు పేల్చివేసి కొత్తది నింపుకొనేవారు. ఇంకొక జబ్బు కూడా ఉంది. పేలిన రాగి టోపీ చీలి, ఆ తునక చక్రానికీ చట్రానికీ మధ్య ఇరుక్కుంటే చక్రం తిరగదు. పిస్తోలు ఇనపముక్క అయిపోతుంది.

ఏప్రిల్ 19 తెల్లవారుజామున రెండు, మూడు గంటల మధ్య కేకలు, పరుగులు. వందల సంఖ్యలో సోమాలీలు ఈటెలతో, దుడ్డుకర్రలతో కాంపు మీద పడ్డారు. బర్టన్ లేచి నౌకరును కత్తి తెమ్మని కేకవేశాడు. అంటే ఆయన ఆయుధం ఆయన చేతికందే చోట లేదన్నమాట. హెర్న్ తన కోల్ట్ రివాల్వర్‌తో బయటికి వెళ్ళి కాల్చాడు. కాపలావాళ్ళు అప్పటికే పారిపోయారు. రివాల్వర్ ఖాళీ కాగానే మందు కొమ్ము కోసం వెనక్కు వచ్చి చీకట్లో తడుములాడాడు. దొరకలేదు. తిరిగి వస్తూ డేరా తాడు కాలికి తగిలి పడ్డాడు. డేరా తాళ్ళు కాళ్ళకు తగలడం మనందరం ఎరిగినదే. మనం తిట్టుకొని లేచేవాళ్ళం. అతను లేచేసరికి ఎదురుగా దుడ్డుకర్ర ఎత్తిన మనిషి ఉన్నాడు.

స్పీక్ సంగతి వేరు. అతని ఆయుధం చేతికందే చోటనే ఉంది. కాని తుపాకి చప్పుళ్ళు వినిపించినా వెంటనే లేవలేదు. కారణం ఏమిటంటే, దొంగలను బెదిరించడానికి కాపలావాళ్ళు ఊరికే గాలిలోకి కాల్చడం అలవాటు. ఇదీ అలాంటిదేననుకున్నాడు. డేరా గుడ్డ మీద కర్రదెబ్బలు పడి, చుట్టూ అడుగుల చప్పుడు వినిపించాక గాని విషయం బోధపడలేదు. అప్పుడు రివాల్వర్, బాకు పట్టుకొని నడిమి రౌటీలోకి పరుగెత్తాడు.

రౌటీ మీద దెబ్బలు వానలా పడుతున్నాయి. డేరా కూలిందంటే గుడ్డ మడతల్లో చిక్కుకున్నవాళ్ళను బయటినుంచి ఈటెలతో పొడిచి చంపడం తేలిక. అందుకని బయటపడటమే మంచిదని తేల్చుకున్నారు. స్పీక్ డేరా ముంగిట నిలబడి కాలుస్తూ, చీకట్లో ఎదుటివాళ్ళను సరిగా చూడటానికి ఒక అడుగు వెనక్కు వేశాడు. వెనక్కు తగ్గితే పారిపోతున్నామనుకుంటారని బర్టన్ గట్టిగా అన్నాడు. ఆ గందరగోళంలో అన్న మాట. బర్టన్ మరుసటి గడియకే మరచిపోయి ఉంటాడు. స్పీక్ చచ్చేదాకా మరవలేదు. తనను పిరికివాడన్నాడని అతని భావం. ఆ రోషంతోనే సూటిగా గుంపులోకి నడిచాడు. దగ్గరనుంచి కాల్చాడు. ఎదురుగా ఒక మనిషి రొమ్ముకు రివాల్వర్ గురిపెట్టి మళ్ళీ నొక్కేసరికి చక్రం తిరగలేదు. కర్రదెబ్బ పడింది, కింద పడ్డాడు. రివాల్వర్ లాగేసుకున్నారు. చేతులు కట్టేశారు.

తెల్లవారేదాకా అతన్ని నేలమీద పడేసి ఉంచారు. తరువాత ఒకడు వచ్చి ఈటెతో పొడవడం మొదలుపెట్టాడు. భుజం, చేయి అయ్యాక తొడలోంచి ఈటె దూసుకుపోయింది. ఇక పడుకొని ఉంటే చావు తప్పదని, కట్టేసిన రెండు చేతులతోనే వాణ్ణి కొట్టి, ఒంటి మీద పదకొండు గాయాలతో సముద్రం వైపు పరుగెత్తాడు. వెనకనుంచి వచ్చిన ఈటెలను తప్పించుకున్నాడు. దారిలో పళ్ళతో కట్లు కొరుక్కున్నాడు. కొంత దూరం పోయాక నెత్తురు పోయి నడవలేక కూలబడ్డాడు. వెతుకుతూ వచ్చిన తనవాళ్ళు మోసుకొని, భోజనానికి ఆగిన ఆ పడవలో చేర్చారు. బర్టన్‌కు ఈటె ఒక చెంపలో దిగి రెండో చెంపలోంచి వచ్చింది. అంగిలి చీలి, నాలుగు దవడపళ్ళు పోయాయి. హెర్న్ పెద్ద గాయాలు లేకుండా బయటపడ్డాడు. స్ట్రోయన్ మాత్రం చనిపోయాడు.

ఏడెన్ అధికారులు విచారణ జరిపి, కాపలా సరిగా పెట్టలేదని బర్టన్‌ను తప్పుపట్టారు. బర్టన్ ఒప్పుకోలేదు. నా మటుకు నాకు అధికారుల మాటే న్యాయమనిపిస్తుంది. సంత ఖాళీ అయింది, పడవ వెళ్ళిపోయింది, కొత్త మనుషులు తచ్చాడారు. ఇన్ని జరిగాక కూడా ఇద్దరు పహరాతో నిద్రపోవడం పిస్తోలు మీద మోయలేని భారం వెయ్యడమే. నిద్రపోతున్నవాడి పిస్తోలు నిద్రపోతూనే ఉంటుంది. మేలుకున్నవాడు ఒకడు ముందుగా లేపితేనే దానికి పని. కాపలావాళ్ళు ఉత్తుత్తి కాల్పులు కాల్చడం ఇంకా చెడ్డ అలవాటు. నాన్నా పులి కథ మనకు తెలియనిది కాదు.

చేతికందేలా పెట్టుకోవడం అంటే ఏమిటో కూడా ఆ రాత్రిని బట్టి తెలుస్తుంది. కత్తి నౌకరు దగ్గర ఉండటం అందుబాటు కాదు. రివాల్వర్ చేతిలో ఉండి మందు కొమ్ము ఎక్కడుందో తెలియకపోవడమూ కాదు. అలాగని దిండు కింద నింపిన పిస్తోలు పెట్టుకొని పడుకోవడం వెర్రితనం. నిద్రలో చేయి ఎటు పోతుందో మనకు తెలియదు. ఆయుధాల సంగతి తెలిసినవాళ్ళు చెప్పే పద్ధతి ఇది: పక్కలో కాదు, దుప్పట్లో కాదు, చేయి చాచితే తగిలే ఒకే నిర్ణీత స్థలంలో పెట్టాలి. ప్రతి రాత్రీ అదే చోటు. మీటను పూర్తిగా కప్పే గట్టి తోలు ఒరలో ఉండాలి. గొట్టం మనుషులు లేని వైపు తిరిగి ఉండాలి. డేరా గుడ్డ తూటాను ఆపదు. పక్క డేరాలో పడుకున్నవాడు కూడా మనవాడే. దీపం, లేదా టార్చి, పిస్తోలు కంటె ముందు చేతికి తగలాలి. వచ్చింది దొంగో, నీళ్ళకని లేచిన ఖలాసీయో చూడకుండా చేయి ఒర మీదికి పోకూడదు. లేచి కూర్చొని, కాళ్ళు నేలకు ఆనించి, నిద్ర మత్తు వదిలాకనే దాన్ని తాకాలి. పిల్లలు, పనివాళ్ళు ఉన్నచోట తాళం లేకుండా ఉంచనే కూడదు. ఈ రోజుల్లో లైసెన్సు ఉన్నవాళ్ళకు చట్టం కూడా భద్రంగా దాచమనే చెబుతుంది. ఇవన్నీ చూస్తే టార్చిలైటు, చేతికర్ర, మెలకువ గల వాచ్‌మన్ ఉన్న మన కాంపులే నయమనిపిస్తుంది.

మళ్ళీ కథలోకి వద్దాం. స్పీక్ కోలుకొని క్రిమియా యుద్ధకాలంలో తుర్కీ పటాలంలో పనిచేశాడు. ఈలోగా బర్టన్ తన సోమాలీ పుస్తకం చివర స్పీక్ దినచర్యను తనకు తోచినట్టు కుదించి అచ్చువేశాడు. స్పీక్ సేకరించిన జంతువుల నమూనాలు కలకత్తా మ్యూజియంకు వెళ్ళిపోయాయి. బెర్బెరాలో పోయిన సొంత సొమ్ముకు నష్టపరిహారం రాలేదు. ఇవన్నీ మనసులో పెట్టుకొని కూడా, బర్టన్ మళ్ళీ పిలిస్తే వెళ్ళాడు. ఆఫ్రికా నడిబొడ్డున మంచినీటి సముద్రాలున్నాయని విన్న తరువాత ఇంటి దగ్గర కూర్చోవడం అతని వల్ల కాలేదు.

1857 జూన్‌లో తూర్పు తీరం నుంచి బయలుదేరి, జ్వరాలతో ఈడ్చుకుంటూ 1858 ఫిబ్రవరిలో టాంగన్యీకా సరస్సు చేరారు. బర్టన్ నడవలేడు. స్పీక్‌కు కళ్ళు దాదాపు కనిపించవు. ఎదురుగా ఉన్న సరస్సు అతనికి మసకగా మెరిసింది, అంతే. ఆ సరస్సులో ఒక దీవి మీద పడుకున్న రాత్రి గాలివానకు డేరా ఊగిపోయింది. సర్దుకోవడానికి కొవ్వొత్తి వెలిగిస్తే నల్ల పురుగులు ముసిరాయి. ఎంత దులిపినా పోకపోతే విసిగి పడుకున్నాడు. ఒక పురుగు చెవిలో దూరి లోపల గీరడం మొదలుపెట్టింది. కరిగిన వెన్న పోసినా లాభం లేకపోయింది. చివరికి కలంకత్తి పెట్టి పొడుచుకున్నాడు. పురుగు చచ్చింది గాని చెవి పుండయింది. ముఖం ఒక పక్కకు లాగింది, నెలల తరబడి వినిపించలేదు, పురుగు ముక్కలు ఆరేడు నెలలు వస్తూనే ఉన్నాయి. ఈటెలకు తట్టుకున్న మనిషిని ఒక పురుగు అంత పని చేసింది. పిస్తోలు కాపలా కాయలేనివి కాంపులో చాలా ఉంటాయి.

తిరుగుదారిలో బర్టన్ జబ్బుపడి కాజే అనే ఊళ్ళో ఆగిపోతే, స్పీక్ కొద్దిమందితో ఉత్తరానికి వెళ్ళి 1858 ఆగస్టు 3న అవతలి ఒడ్డు కనిపించని మహాసరస్సు చూశాడు. దానికి తమ రాణి విక్టోరియా పేరు పెట్టాడు. నైలు పుట్టేది ఇక్కడేనని అక్కడికక్కడే తీర్మానించాడు. మన వృత్తివాళ్ళు మెచ్చుకోవలసిన సంగతి ఒకటుంది. నీరు ఎంత వేడికి మరుగుతుందో థర్మామీటరుతో చూసి, దాన్నిబట్టి సరస్సు మట్టం సముద్రానికి సుమారు 3,740 అడుగుల ఎత్తని లెక్కకట్టాడు. ఇప్పటి లెక్క సుమారు 3,720 అడుగులు. జ్వరంతో ఉన్న మనిషి, గీరుకుపోయిన పరికరం, అంతా కలిపి తేడా ఇరవై అడుగులు! సరస్సు చుట్టూ తిరిగి చూడకుండానే నైలు మూలమని చెప్పడం మాత్రం సర్వేయరు పని కాదు. అది ఊహ. ఊహ నిజమే అయింది గాని, బర్టన్ పట్టుకొన్న లోపం కూడా అదే.

1859 మేలో స్పీక్ ముందుగా లండన్ చేరి రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీకి విషయం చెప్పేశాడు. రెండు వారాల తరువాత వచ్చిన బర్టన్‌కు పేరు మిగలలేదు. స్నేహం అక్కడితో సరి.

సొసైటీ స్పీక్‌నే మళ్ళీ పంపింది. తోడుగా ఇండియాలో పనిచేసిన పాత మిత్రుడు జేమ్స్ గ్రాంట్. ఈసారి మన దేశపు సర్కారు 50 కార్బైన్ తుపాకులు, 20,000 తూటాలు ఇచ్చింది, కావలసినన్ని సర్వే పరికరాలు అరువిచ్చింది. బెర్బెరా పాఠం మరచిపోలేదని తెలుస్తూనే ఉంది. మనుషులకు నాయకుడు సీదీ ముబారక్ బాంబే. చిన్నప్పుడు బానిసగా అమ్ముడై మన పడమటి తీరం చేరి, స్వేచ్ఛ పొంది ఆఫ్రికాకు తిరిగి వెళ్ళిన మనిషి. అతనూ స్పీకూ మాట్లాడుకొన్నది హిందుస్తానీలో. నైలు మూలం కనుక్కోవడానికి పనికివచ్చిన భాష మన బజారు హిందుస్తానీ అని తెలిస్తే ముచ్చటవేస్తుంది.

1862 ఫిబ్రవరిలో స్పీక్ బుగాండా రాజు ముటేసా కొలువు చేరాడు. కానుకల్లో రైఫిలు, రివాల్వర్, కార్బైన్లు ఉన్నాయి. రాజు కోరితే ఆ రివాల్వర్‌తోనే నాలుగు ఆవులను కాల్చి చూపించాడు. తరువాత రాజు ఒక కార్బైన్ నింపి, గొళ్ళెం ఎత్తి, ఒక కుర్రవాడి చేతికిచ్చి బయటికి వెళ్ళి మనిషిని కాల్చి రమ్మన్నాడు. కుర్రవాడు వెళ్ళాడు, చప్పుడైంది, చెట్టుమీది పిట్టను కొట్టినంత సంబరంగా తిరిగి వచ్చాడు. చచ్చినవాడెవరో ఎవరూ అడగలేదు. స్పీక్ ఈ ఉదంతాన్ని తన పుస్తకంలో దాచకుండా రాశాడు. రాయడం మెచ్చుకోతగ్గదే. కాని పద్ధతి తెలియని చేతికి ఆయుధం అందించింది తానేనన్న బాధ ఆ రాతలో పెద్దగా కనిపించదు. అది నాకు మింగుడు పడలేదు.

ఆ ఏడాది జులై 28న సరస్సు నీరు బండల మీదుగా ఉత్తరానికి దూకుతున్న చోట నిలబడ్డాడు. గ్రాంట్ అప్పుడు పక్కన లేడు. అతన్ని వేరే దారిన ముందుకు పంపాడు. ఆ జలపాతానికి సొసైటీ అధ్యక్షుడుగా ఉన్న రిపన్ ప్రభువు పేరు పెట్టాడు. తరువాత మనకు వైస్రాయిగా వచ్చి స్థానిక స్వపరిపాలన తెచ్చిన రిపన్ ఆయనే. మద్రాసులో రిపన్ బిల్డింగు కూడా ఆయన పేరిటిదే. 1863 ఫిబ్రవరిలో గొండొకొరో చేరి, అక్కడినుంచి నదివెంట ఈజిప్టుకు వచ్చాడు.

ఊరేగింపులు, సన్మానాలు అయ్యాక అసలు చిక్కు మొదలైంది. నది వెంట పూర్తిగా నడవలేదు, మధ్యలో దారి విడిచాడు. బర్టన్ ఇది పట్టుకొని టాంగన్యీకాయే నైలు మూలమని వాదించాడు. చివరికి ఇద్దరూ బాత్ నగరంలో పండితుల సభలో ముఖాముఖి వాదించడానికి 1864 సెప్టెంబరు 16న ముహూర్తం పెట్టారు.

ముందురోజు సభలో ఇద్దరూ ఎదురుపడ్డారు, పలకరించుకోలేదు. స్పీక్ మధ్యలో లేచి వెళ్ళిపోయి, దగ్గరలో బంధువుల ఎస్టేటులో కౌజుపిట్టల వేటకు వెళ్ళాడు. వెంట దాయాది ఫుల్లర్, వేటకాపరి ఒకడు. సాయంత్రం నాలుగు గంటల వేళ ఫుల్లర్ అరవై గజాల ముందు నడుస్తూ తుపాకి చప్పుడు విని వెనక్కు చూశాడు. రెండడుగుల ఎత్తు రాతిగోడ ఎక్కిన స్పీక్ కింద పడుతున్నాడు. గుండు ఎడమ పక్కటెముకల్లోంచి లోపలికి పోయింది. తనను కదిలించవద్దన్నాడు. పావుగంటలో ప్రాణం పోయింది. వయసు 37.

అది లాంకాస్టర్ రెండు గొట్టాల తుపాకి. గొళ్ళెం జారకుండా ఆపే రక్షణ మర దానికి లేదు. మరునాటి విచారణలో, ఒక గొట్టం పేలిందని, రెండోదాని గొళ్ళెం సగం ఎత్తి ఉందని తేలింది. ప్రమాదవశాత్తు మరణమని జ్యూరీ తీర్పు చెప్పింది. బర్టన్‌కు జడిసి కాల్చుకున్నాడని పుకారు పుట్టింది. ఇప్పటికీ అలా రాసేవాళ్ళున్నారు. నేను నమ్మను. పొట్టిగోడ మీద ఎక్కి, కింద ఆనించిన తుపాకిని గొట్టం పట్టుకొని పైకి లాగడం, ఆ రాపిడికి గొళ్ళెం పడటం వేటగాళ్ళ ప్రమాదాల్లో పాత కథ. చంకకు కాస్త కింద తగిలిన ఆ గాయానికి కూడా అదే సరిపోతుంది. తన ప్రాణం తీసుకోదలచినవాడు పొడవాటి తుపాకిని అలా పక్కకు పట్టుకోడు. పైగా తూటాలు తీసి గోడ దాటాలన్నది కుర్రకాపరులకు నేర్పే మొదటి పాఠం. ఇరవై ఏళ్ళు తుపాకితో లేచి తుపాకితో పడుకున్నవాడికి రెండడుగుల గోడ ఒక గోడలా కనిపించి ఉండదు.

బాత్ సభలో బర్టన్ వాదానికి సిద్ధమై కాగితాలు పట్టుకొని కూర్చొని ఉండగా కబురు వచ్చింది. కుర్చీలో కూలబడిపోయాడని చూసినవాళ్ళు చెప్పుకున్నారు. స్పీక్‌ను సోమర్సెట్‌లో డౌలిష్ వేక్ అనే పల్లెలో పూడ్చారు. లివింగ్‌స్టన్, గ్రాంట్ వచ్చారు. 1875లో స్టాన్లీ విక్టోరియా సరస్సు చుట్టూ పడవలో తిరిగి, అది ఒకే సరస్సని, పెద్దదారి రిపన్ జలపాతమేనని తేల్చాడు. స్పీక్ మాట నిలిచింది. 1954లో ఓవెన్ ఫాల్స్ ఆనకట్ట కట్టాక ఆ జలపాతం నీటిలో మునిగిపోయింది. లండన్‌లో కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో స్పీక్ పేర ఒక రాతిస్తంభం ఉంది. అతని పేరు, సరస్సు పేరు, నైలు పేరు, సంవత్సరం చెక్కారు. అతను కనుక్కున్నాడని మాత్రం చెక్కలేదు. చెక్కేనాటికి ఆ వాదం తేలలేదు.